వార్డు కబురు గడప దాకా

గోదావరికి వరద వచ్చిందంటే కోనసీమ లంకల్లో బడి మొహం చూడని ముసలమ్మ కూడా లెక్క చెబుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. ఎగువన భద్రాచలంలో అయితే 43, 48, 53. ఏ అంకె దగ్గర పశువుల్ని గట్టు ఎక్కించాలో, ఏ అంకె దగ్గర గింజలు అటక మీదికి చేర్చాలో, ఎప్పుడు పిల్లల్ని తీసుకుని పడవెక్కాలో అక్కడివారికి తెలుసు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, దిగువ లంకల్లో ప్రతి ఇంటి చెవీ ఆ అంకెల మీదే ఉంది. సర్కారు చెప్పే మాటల్లో జనం ఇంత శ్రద్ధగా వినేవి తక్కువ. అంకె చెప్పగానే చేయాల్సిన పనేమిటో తెలుస్తుంది కాబట్టే వింటారు. ఆ మాట సమయానికి, అర్థమయ్యే భాషలో, పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ చేరుతుంది కాబట్టే నమ్ముతారు.

అదే కోనసీమ నుంచి వచ్చి హైదరాబాద్ మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్న యువకులు చాలామంది ఉన్నారు. వరద రోజుల్లో ఇంటికి ఫోన్ చేసి ‘ఎన్ని అడుగులుంది నాన్నా?’ అని అడుగుతారు. వాళ్లనే మీరు ఇక్కడ ఏ డివిజన్‌లో ఉంటున్నారని అడగండి. నల్లా ఏ పూట వస్తుందో, హాస్టల్ ముందు రోడ్డు ఎవరు తవ్వారో, దాన్ని ఎప్పుడు పూడుస్తారో అడగండి. చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఈ మాట వాళ్లను తప్పుపట్టడానికి కాదు. సైబరాబాద్ అనే ఈ ఐటీ ప్రాంతంలో ఉండేవారికి ఇక్కడి కబురు చెప్పే ఏర్పాటు నిలకడగా ఎన్నడూ లేదు. లక్షల మంది పనిచేసే, నిద్రపోయే, పిల్లల్ని పెంచుకునే ఈ చోటు స్థానిక పాలన సమాచారం విషయంలో ఏకాకిగా మిగిలిపోయింది.

ఇది ఎలా జరిగిందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ఊళ్ల పోకడ వదలని చోట్లు. ఊళ్లలో సమాచారానికి పాత దారులుంటాయి. డప్పు చాటింపు, రచ్చబండ, పంచాయతీ కార్యాలయం గోడ. తర్వాత ఇక్కడ అన్నీ వేగంగా మారాయి. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ వచ్చింది, 2008లో అది హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ)లో కలిసింది. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ ఏర్పడింది. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీని చుట్టుపక్కల మున్సిపాలిటీలతోపాటు హైదరాబాద్‌లో కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) చేశారు. చాటింపు ఆగిపోయింది. దాని స్థానంలో ఏది రావాలో ఎవరూ ఆలోచించలేదు.

ఇప్పుడు ఇక్కడి ఒక వీధిని తీసుకుంటే, రోడ్డు, చెత్త నగరపాలక సంస్థవి. నీళ్లు, డ్రైనేజీ జలమండలివి. కరెంటు స్తంభం విద్యుత్ పంపిణీ సంస్థది. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ సైబరాబాద్ పోలీసులది. పక్కనున్న చెరువు మీద నీటిపారుదల శాఖకు, హెచ్ఎండీఏకు, 2024 నుంచి ఆక్రమణలు తొలగించే హైడ్రాకు తలో పని ఉంది. హైటెక్ సిటీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లేఅవుట్లలో అడుగుపెడితే పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ నడిపే ‘ఐలా’ ఉంటుంది. అక్కడి కంపెనీల దగ్గర ఆస్తి పన్ను వసూలు చేసేది అదే. ఇన్ని సంస్థలూ తమ తమ పని తాము చేస్తున్నాయనే అనుకుందాం. వీధి చివర ఇల్లున్న మనిషికి మాత్రం వీటన్నిటి కబురూ ఒకచోట చెప్పేవారు కావాలి. అలాంటి మనిషి గాని, కాగితం గాని ఇక్కడ లేదు.

నీటి సరఫరా ఆపే రోజునే ఉదాహరణగా తీసుకుందాం. ఎక్కడో పైపులైను పగిలినా, పంపు మార్చాల్సి వచ్చినా జలమండలి ఒక ప్రకటన ఇస్తుంది. ఫలానా రోజు ఉదయం ఆరింటి నుంచి మర్నాడు ఆరింటి దాకా మరమ్మతులు, ఈ ప్రాంతాల్లో సరఫరా ఉండదు, ఆ ప్రాంతాల్లో లోప్రెజర్ ఉంటుంది అని కాలనీల పేర్లు వరసగా ఇస్తుంది. అది పత్రికల్లో జిల్లా పేజీలో నాలుగు వాక్యాలుగా వస్తుంది. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. వాచ్‌మన్ ముందు రోజు రాత్రే సంపు నింపి పెడతాడు, ట్యాంకర్‌కు ముందే చెప్పి ఉంచుతారు. ఆ ఇళ్లలో మర్నాడు ఏ ఇబ్బందీ ఉండదు.

అదే రోజు సిద్దిఖ్‌నగర్‌లోనో అంజయ్యనగర్‌లోనో, గదికి ముగ్గురు నలుగురు ఉండే హాస్టల్లో పొద్దున్నే నల్లా తిప్పితే గాలి వస్తుంది. ఆ కుర్రాడు ఏ గ్రూపులోనూ లేడు. అక్కడికి రెండు సందుల అవతల రేకుల గదిలో ఉండి, నాలుగిళ్లలో పాచిపనికి వెళ్లే తల్లికీ ఆ కబురు అందలేదు. పనికి వెళ్లే హడావుడిలో బిందె పట్టుకుని నీళ్ల కోసం తిరగాల్సింది ఆమే. మన ప్రాంతానికి వచ్చే నీటిలో కొంత మంజీరా, సింగూరుల నుంచి వస్తుంది, కొంత వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎల్లంపల్లి దగ్గర గోదావరి నుంచి వస్తుంది. అంత దూరం నుంచి నీటిని మోసుకొచ్చి ఇంటింటికీ ఇవ్వగలిగిన వ్యవస్థ ఇది. నీళ్లు రావన్న మాటను కూడా అంతే దూరం, అంతే జాగ్రత్తగా మోసుకురాగలదు.

చేయాలనుకుంటే చేయగలమని ఇక్కడే రుజువైంది. 2023 జులైలో వానలు ఊపిరి సలపనివ్వనప్పుడు సైబరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఐటీ కంపెనీలకు ఒక సూచన చేశారు. ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఉన్న ఆఫీసులు మధ్యాహ్నం మూడింటికి, ఐకియా నుంచి బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపువి నాలుగున్నరకు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, గచ్చిబౌలి ఆఫీసులు మూడింటికీ ఆరింటికీ మధ్య లాగౌట్ చేయాలని చెప్పారు. ధవళేశ్వరం అంకెల్లాంటి మాట అది. ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి, ఏం చేయాలో అందులో ఉంది. కంపెనీల హెచ్ఆర్ విభాగాల మీదుగా గంటల్లో ఉద్యోగుల ఫోన్లకు చేరింది. పోలీసుల ఈ ఆలోచన మెచ్చుకోదగ్గది. పోలీసులు, కంపెనీలు కలిసి పనిచేయడానికి 2006లోనే ఏర్పడిన సైబరాబాద్ భద్రతా మండలి లాంటి వేదికలు ఇక్కడ ఉండటం మంచి విషయం.

కానీ ఆ మాట ఎవరితో చెప్పారో కూడా ఆలోచించాలి. అది కంపెనీ గుర్తింపు కార్డు ఉన్నవారికి అందింది. క్యాబ్ డ్రైవర్‌కు, క్యాంటీన్‌లో గిన్నెలు తోమే మనిషికి, ఫుట్‌పాత్ మీద మిర్చి బండి పెట్టుకున్న అక్కకు, ఆ వానలోనే బడి నుంచి పిల్లల్ని తెచ్చుకోవాల్సిన తల్లికి అలాంటి మాట చెప్పే దారి లేదు. మన ఐటీ కారిడార్‌లో ప్రభుత్వం ఉద్యోగితో కంపెనీ ద్వారా మాట్లాడుతోంది, ఫ్లాట్ యజమానితో సంఘం ద్వారా మాట్లాడుతోంది. ఇక్కడ నివసిస్తున్నాడన్న ఒక్క కారణంతో మనిషితో నేరుగా మాట్లాడటం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. ఉద్యోగం మారినా, అద్దె ఇల్లు మారినా ఆ మనిషి ఈ ఊరివాడే. ఆ హోదాలోనే అతనికి కబురు అందాలి.

చట్టం ఈ మాట ఎప్పుడో చెప్పింది. 2005 సమాచార హక్కు చట్టంలోని నాలుగో సెక్షన్, అడగకముందే సమాచారం బయటపెట్టాలని ప్రతి ప్రభుత్వ సంస్థనూ ఆదేశిస్తోంది. స్థానిక భాషలో, ఆ ప్రాంతానికి బాగా నప్పే పద్ధతిలో చెప్పాలని కూడా అంటోంది. నోటీసు బోర్డులు, పత్రికలు, ఇంటర్నెట్‌తోపాటు బహిరంగ ప్రకటనలను కూడా ఆ పద్ధతుల్లో లెక్కగట్టింది. అంటే డప్పు చాటింపు కూడా చట్టసమ్మతమే. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మూడు లక్షల జనాభా దాటిన పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని అది చెప్పింది. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ఇంకో అడుగు ముందుకేసి ప్రతి వార్డులో యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు విడివిడిగా నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది సభ్యులు ఉండాలంది. అప్పటికి విడి మున్సిపాలిటీలుగా ఉన్న మణికొండ, నార్సింగి ఆ చట్టం కిందికి వచ్చాయి. 2023 జూన్‌లో జీహెచ్ఎంసీ 150 వార్డు కార్యాలయాలను తెరిచింది. రోడ్లు, పారిశుధ్యం, దోమలు, నీళ్లు, కరెంటు, పార్కులు చూసే పది మందిని ఒకే కప్పు కింద కూర్చోబెట్టాలన్నది అప్పటి ఆలోచన. ఇంతకాలం లేని మనిషి మనకు దొరికాడనిపించిన రోజు అది. అలాంటి మంచి ఆలోచనలకు ప్రారంభోత్సవం చేసినంత శ్రద్ధ నిలబెట్టడంలోనూ ఉండాలి.

హద్దులు మారే కాలంలో ఈ శ్రద్ధ మరీ అవసరం. 2025 చివర్లో మణికొండ, నార్సింగి, తెల్లాపూర్, నిజాంపేటతో సహా 27 పురపాలికలను జీహెచ్ఎంసీలో కలిపారు. వార్డులను 150 నుంచి 300కు పెంచుతూ డిసెంబరులో ముసాయిదా ఇచ్చారు. మొన్నటి దాకా కొండాపూర్ 104, గచ్చిబౌలి 105, మాదాపూర్ 107 అని నోటికి వచ్చిన అంకెలు కూడా మారిపోయాయి. మన ఇల్లు ఏ వార్డులో పడిందన్నది చిన్న విషయం కాదు. ఏ కార్యాలయానికి వెళ్లాలో, ఎవరికి ఓటేయాలో, ఎవరిని నిలదీయాలో దానితోనే తేలుతుంది. అయినా అభ్యంతరాలకు ఇచ్చిన గడువు వారం రోజులే. వార్డుల వారీ జనాభా లెక్కలు, మ్యాపులు బయటపెట్టమని అడగడానికి పౌరులు హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అడగకముందే ప్రతి కాలనీ కూడలిలో అతికించి ఉండాల్సిన కాగితాలవి.

కబురు ఆలస్యమైతే ఎంత బాధో మాదాపూర్ దగ్గరి దుర్గం చెరువు ఒడ్డున చూశాం. 2024 ఆగస్టులో అక్కడి కాలనీల్లో ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసి, 30 రోజుల్లో ఖాళీ చేయాలని నోటీసులిచ్చారు. చెరువును కాపాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. చెరువుల్ని పోగొట్టుకుని 2020 అక్టోబరు వానల్లో నగరం ఎంత అనుభవించిందో మరిచిపోలేం. కానీ పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) గీత ఎక్కడిదాకా ఉందో, బఫర్ ఎంతో కొనేవాడికి కొనక ముందు తెలియాలి. ఎఫ్‌టీఎల్ హద్దు రాయి ప్రతి చెరువు చుట్టూ కనిపించాలి. ఏ సర్వే నంబర్లు అందులో పడతాయో తెలుగులో బోర్డు రాసి చెరువు గట్టు మీదే పెట్టాలి. జీవితకాలపు పొదుపు పెట్టి ఇల్లు కట్టుకున్న ముప్పై ఏళ్లకు గోడ మీద ఎర్ర రంగు రూపంలో రావాల్సిన సమాచారం కాదది.

మరో సంగతి కూడా గమనించాలి. ఏప్రిల్ వచ్చిందంటే ఆస్తి పన్ను ముందే కట్టేవారికి అయిదు శాతం రాయితీ అన్న కబురు అందరికీ చేరుతుంది. ఫోన్లకు సందేశాలు వస్తాయి, హోర్డింగులు వెలుస్తాయి, సెలవు రోజుల్లోనూ కౌంటర్లు తెరుస్తారు. పన్ను వసూలు కావాలి, తప్పులేదు. ఆ పన్ను డబ్బుతో మన వార్డులో ఈ ఏడాది ఏయే పనులు మంజూరయ్యాయి, కాంట్రాక్టు ఎవరిది, ఎంత ఖర్చు, ఎప్పటికి పూర్తి అన్న కబురు కూడా అదే ఫోనుకు, అదే హోర్డింగుకు ఎక్కాలి. అడగడం ఎంత బాగా వచ్చో చెప్పడం కూడా అంత బాగా రావాలి. అప్పుడే పన్ను కట్టేవాడికి అది తన ఊరి ఖర్చు అనిపిస్తుంది.

జపాన్‌లో పట్టణ పాలక సంస్థలు తమ వార్తాపత్రికను ఇళ్లకు చేరుస్తాయి. చెత్త ఏ రోజు తీస్తారు, టీకాలు ఎక్కడ వేస్తారు, భూకంపం వస్తే ఏ బడిలో తలదాచుకోవాలి, బడ్జెట్ ఎంత అన్నవి అందులో ఉంటాయి. అక్కడ ‘కైరన్‌బన్’ అనే పాత అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. ఒక అట్టకు నోటీసులు తగిలించి ఒక ఇంటి నుంచి పక్కింటికి పంపుతారు. చదివినవాళ్లు గుర్తు పెట్టి తర్వాతి ఇంటికి ఇస్తారు. సాంకేతికతలో ఎవరికీ తీసిపోని దేశం కూడా కాగితాన్ని, పక్కింటి తలుపును వదులుకోలేదు. ఫోను లేని ముసలివాళ్లకు, భాష సరిగా రాని కొత్తవాళ్లకు కూడా కబురు అందాలన్న ఆలోచనే అందుకు కారణం. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చే మన కారిడార్‌కు యాప్‌లు తెలియవా? తెలుసు. అవి చేరని గడపల గురించే మనం ఆలోచించాల్సింది.

అపార్టుమెంటు సంఘాల సేవను తక్కువ చేయలేం. ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రాలు కార్యాలయాల చుట్టూ తిరిగి దీపాలు వేయించినవాళ్లు, కాలువలు తీయించినవాళ్లు ఉన్నారు. అయితే చాలా సంఘాల గ్రూపుల్లో యజమానులకే చోటు. అద్దెకున్నవారు నెలనెలా నిర్వహణ రుసుము కడతారు గానీ కబురు వినరు. ప్రహరీ బయటి బస్తీ మాట ఇక చెప్పనక్కర్లేదు. ప్రహరీకి అటూ ఇటూ ఉన్నవారు తాగేది ఒకే పైపు నీళ్లు, పీల్చేది ఒకే చెత్తకుప్ప పొగ, ఈదేది ఒకే నాలా వరద. సంఘం నోటీసు ఒక కాపీ గేటు బయట కూడా అతికిస్తే, అద్దెదారుల్నీ గ్రూపులో కలుపుకొంటే, సర్కారు వచ్చేదాకా ఆగకుండా రేపే సగం పని అయిపోతుంది.

మనవైపు నుంచీ కొంత బాకీ ఉంది. 2020 డిసెంబరు 1న జరిగిన జీహెచ్ఎంసీ ఎన్నికల్లో పోలైన ఓట్లు 46.5 శాతం. సగానికి పైగా ఓటర్లు ఆ రోజు గడప దాటలేదు. 2024 మే 13 నాటి ఎన్నికల పోలింగ్ కోసం హైదరాబాద్ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు బస్సులు, రైళ్లు, కార్లు కిక్కిరిసి వెళ్లాయి. పుట్టిన ఊరి మీద ఆ మమకారం చూస్తే ముచ్చటేస్తుంది. పదేళ్లుగా బతుకుతున్న ఊరి మీద అందులో కాస్తయినా చూపించలేమా? ఓటు ఎక్కడున్నా వార్డు కార్యాలయం మెట్లు ఎక్కవచ్చు. సోమవారం ప్రజావాణికి వెళ్లవచ్చు. జలమండలి 155313కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు అడిగి తీసుకోవచ్చు. అడిగేవాళ్లు ఉన్నచోట చెప్పేవాళ్లు తయారవుతారు.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. కార్పొరేషన్ పేరు ఏదైనా, హద్దు ఎటు జరిగినా, ప్రతి వార్డుకూ నెలకొక్క కాగితం రావాలి. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషుల్లో ఉండాలి. ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చి మన భవనాలు కట్టినవారికీ అర్థం కావాలి. అందులో అన్ని శాఖల సంగతులూ ఒకేచోట ఉండాలి. నీళ్లు వచ్చే వేళలు, ఈ నెల తవ్వబోయే రోడ్లు, జరుగుతున్న పనుల ఖర్చు, గడువు, బాధ్యుడైన అధికారి పేరు, ఫోను నంబరు, వార్డు సమావేశం తేదీ ఉండాలి. పోయిన నెల వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్ని పరిష్కరించారో, ఎన్ని మిగిలాయో, ఎందుకు మిగిలాయో కూడా రాయాలి. దాన్ని మెట్రో స్టేషన్‌లో, బస్ షెల్టర్‌లో, రేషన్ దుకాణంలో, బస్తీ దవాఖానాలో, హాస్టల్ మెస్‌లో, చాయ్ బండి పక్కన అతికించాలి. వాన ముంచుకొచ్చినప్పుడు చెత్త బండి మైకులోనే ఆ మాట చెప్పాలి. పొద్దున్నే ప్రతి సందులో తిరిగే బండి అది, ఇంతకంటే మంచి చాటింపు మనకు దొరకదు.

రోడ్డు ఆలస్యమైతే జనం ఓర్చుకుంటారు. నీళ్లు ఒక రోజు రాకపోయినా సర్దుకుంటారు. ఎందుకు ఆలస్యమైందో, ఎప్పటికి వస్తుందో చెప్పేవారే లేకపోతే మాత్రం ఈ ఊళ్లో తమను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదనుకుంటారు. అలా అనుకున్న మనిషి ఓటుకు రాడు, సభకు రాడు, పక్కింటివాడి కష్టానికీ రాడు. కబురు చెప్పడమంటే నువ్వు మా మనిషివని ఒప్పుకోవడం. కొత్త వార్డులు, కొత్త హద్దులు, కొత్త పాలకవర్గాలు వచ్చే ఈ వేళ, ఆ మొదటి కాగితం ప్రతి గడపకూ పంపడంతోనే కొత్త పాలన మొదలుపెట్టాలి. అందుకున్నవారు దాన్ని చదివి, ఆ నెల వార్డు సమావేశానికి తప్పక వెళ్లాలి.